గార్డీనియాకి క్షవరం

సోమవారం సెలూన్‌కి సెలవు. సెలూన్‌కే, మాస్టారి చేతికి కాదు. పొద్దున్నే కాఫీ గ్లాసు ప్రహరీ గోడ మీద పెట్టి, ఇంటి ముందున్న కాస్త జాగాలో గార్డీనియా మొక్కకి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. షాపులో కస్టమర్ల మెడకి కట్టే తెల్ల గుడ్డని మొక్క మొదట్లో చుట్టి ముడి వేశారు. కత్తెర గాల్లో రెండుసార్లు ఆడించారు. ఒక కన్ను మూసి చూశారు. కుడివైపు ఒక కొమ్మ వెంట్రుకవాసి పొడుగ్గా కనిపించింది. టక్.

"ఒరేయ్, అది చెట్టురా, జుట్టు కాదు," అంది కిటికీలోంచి వాళ్ళమ్మ.

"రెండింటికీ సూత్రం ఒకటేనమ్మా. కత్తిరించినకొద్దీ ఒత్తుగా వస్తుంది."

"మరి నీ నుదుటి మీద ఎందుకు రాలేదో?"

మాస్టారు ఇంకో కొమ్మ అందుకున్నారు. ఆ ఇంట్లో ఆవిడకి ఎదురు జవాబు చెప్పి నెగ్గినవాళ్ళు లేరు. ఆవిడ ఒక బడిలో హెడ్ మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. తల్లి హెడ్ మిస్ట్రెస్, కొడుకు హెడ్ల మాస్టర్. ఆవిడ తలల లోపల పని చేసింది, ఈయన పైపైన పని చేస్తున్నారు. అంతే తేడా.

ఆ మొక్కని తెచ్చింది మాస్టారి భార్య. ఆవిడ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దస్తమానం స్పిరిట్ వాసనా, ఫినాయిల్ వాసనా పీల్చి పీల్చి, ఇంటికొచ్చాక ఒక్క మంచి వాసన ఉంటే చాలనుకుంది. గార్డీనియా ఒక్క పువ్వు పూస్తే వీధంతా గుబాళిస్తుందని ఎవరో చెప్పారట. తెచ్చిన నెల తిరక్కుండా ఆకులు పచ్చకామెర్లు వచ్చినట్టు పాలిపోయాయి. ఆవిడ ఊరుకుంటుందా? మట్టి తీసి నీళ్ళలో కలిపి, అందులో పరీక్ష కాగితం ముంచి, రంగు చూసి తల పంకించింది. ఆ మొక్కకి పులుపు మట్టి కావాలి, మనింట్లో కుళాయి నీళ్ళు సున్నపు నీళ్ళు అని తేల్చింది. వాననీళ్ళు పట్టి పోసింది, ఆకులు కుళ్ళబెట్టిన ఎరువు వేసింది. మొక్క తేరుకుంది. ఆకులు నిగనిగలాడాయి. కానీ పువ్వు మాత్రం లేదు.

"రిపోర్టులన్నీ నార్మల్," అనేది ఆవిడ దిగులుగా. "పేషెంటే పూయడం లేదు."

"గార్డీనియా కాదే అమ్మాయ్, గారడీనియా," అనేది అత్తగారు. "పూస్తా పూస్తా అని ఊరించి ఆకు చూపిస్తోంది. క్లాసులో ఇలాంటివాళ్ళు వెనక బెంచీలో ఉండేవాళ్ళు."

ఆవిడ వంతు వైద్యం ఆవిడా చేసింది. మొక్కని వెనకబెంచీ లాంటి నీడలోంచి తవ్వించి, ముందు బెంచీ లాంటి ఎండలోకి మార్పించింది. పూయలేదు. మాస్టారేమో తన వంతుగా వారవారం క్షవరం చేస్తున్నారు. మొక్క గుండ్రంగా, ఒత్తుగా, పెళ్ళిచూపులకి తయారైన కుర్రాడిలా ఉంది. అందం ఉంది, అలికిడి లేదు.

క్షవరం అయ్యాక ఆ గుడ్డ విప్పి పెరటి గోతిలో దులిపే పని కూతురిది. చిన్నప్పటి నుంచీ ఉంగరాల జుట్టు కాబట్టి ఇంట్లోనూ, షాపులోనూ అందరూ ఆ పిల్లని రింగు అంటారు. మూడో ఏటి నుంచే షాపులో రాలిన జుట్టుతో ఆడుకుంది. చదువు అయ్యాక హెయిర్ డిజైన్ కోర్సు చేసి, నాన్న షాపులోనే కిటికీ పక్క కుర్చీ దగ్గర నిలబడింది. బోర్డు మీద 'తండ్రీ కూతుళ్ళు' అని రాయించారు మాస్టారు. ఆ బోర్డు చూసినప్పుడల్లా ఆయన ఛాతీ ఒక సైజు పెరిగేది.

"నాన్నా, ఇవాళ సెలవు కదా, దాన్ని వదిలెయ్యొచ్చుగా," అంది రింగు గుడ్డ విప్పుతూ, ఫోన్ చూసుకుంటూ.

"వదిలేస్తే పిచ్చి జుట్టులా పెరుగుతుంది."

"పెరిగితే పెరుగుతుంది. దానికేమైనా ఇంటర్వ్యూ ఉందా?"

మాస్టారు నవ్వారు. రింగు నవ్వలేదు. ఇంటర్వ్యూ నిజంగానే ఉంది, మొక్కకి కాదు, ఆ పిల్లకి. ఊరి అవతలి కొసన ఉన్న పెద్ద సెలూన్‌లో. మర్నాడు నాన్నకి చెప్పకుండా వెళ్ళి ఇచ్చొచ్చింది. వాళ్ళు రమ్మన్నారు గానీ, చేరాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.

తేల్చింది శనివారం.

ఆ రోజు షాపు కిక్కిరిసి ఉంది. రింగు కుర్చీలో వయొలిన్ వాయించే అమ్మాయి కూర్చుంది. మర్నాడు ఆమె కచేరీ. ఎడమవైపు వయొలిన్ పెట్టుకునే చోట జుట్టు అడ్డం పడుతోంది, తీగల్లో చిక్కుకుంటోంది, అలాగని మొత్తం పొట్టిగా వద్దు అని చెప్పింది. రింగు చాలాసేపు ఆలోచించింది. ఆ అమ్మాయిని గడ్డం ఎడమకి వాల్చి, వాయిస్తున్నట్టు చెయ్యి ఆడించమంది. ఎడమవైపు చెవి దాకా కత్తిరించి, కుడివైపు భుజం మీదకి జారేలా వదిలింది. అద్దంలో చూసుకుని ఆ అమ్మాయి మురిసిపోయింది. రింగు చిన్న అద్దం తేవడానికి లోపలి గదిలోకి వెళ్ళింది.

మాస్టారు తన కస్టమరుకి సబ్బు నురగ పూస్తూ ఇటు చూశారు. ఆయన కంటికి వయొలిన్ కనిపించలేదు. ఒక వంక కనిపించింది. "అయ్యో, మా పిల్ల కుడి పక్క మర్చిపోయిందమ్మా, ఒక్క టచ్," అంటూ వచ్చేశారు. కచేరీ ధ్యాసలో ఉన్న ఆ అమ్మాయికి అర్థమయ్యేలోగా కుడివైపు జుట్టు నేల మీద ఉంది. సమానం చేశాననుకున్నారాయన. చేసింది అవమానం.

వయొలిన్ అమ్మాయి గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది. అద్దంలో తనని తాను చూసుకుని, గుడ్డ తనే విప్పుకుని, "రింగూ, నీ తప్పు కాదులే," అని వెళ్ళిపోయింది. రింగు చేతిలో చిన్న అద్దం అలాగే ఉంది. ఎవరికి చూపించాలో తెలియక గోడకి తగిలించింది.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర నలుగురూ కూర్చున్నారు. మాస్టారు ముందు మొదలుపెట్టారు. నేరం చేసినవాడికి నోరు ముందు లేస్తుంది.

"ముందే చెప్పొచ్చుగా, అది కావాలనే చేసిన వంకర అని. నాకేం కలొస్తుందా?"

"నా కుర్చీలో కూర్చున్న తల గురించి నీకెందుకు చెప్పాలి నాన్నా?" అంది రింగు.

"అదేం మాట? షాపు మనది."

"షాపు మనది. కుర్చీ నాది అన్నావు. ఇన్నాళ్ళలో నేను కత్తిరించిన తల ఒక్కటైనా నువ్వు ముట్టుకోకుండా గుమ్మం దాటిందా? పిల్లాడి పుట్టువెంట్రుకల దగ్గర నుంచీ ముసలాయన మీసం దాకా అన్నిటికీ నువ్వొచ్చి ఒక టక్."

"ఫినిషింగ్ ఇస్తున్నానే."

"అవును. ఫినిష్ చేస్తున్నావు. నన్ను."

రింగు తల్లి గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ మొగ్గు ఎటో ముఖంలోనే తెలుస్తోంది. తల్లి వైపు చూశారు. పెద్దావిడ అన్నం కలుపుతోంది, కలుపుతూనే వింటోంది.

"నీ చేతికి కత్తెర పట్టించింది ఎవరు?" అన్నారు మాస్టారు, గొంతు కాస్త పెంచి.

"నువ్వే. పట్టించావు, వదల్లేదు. కత్తెరకి రెండు రింగులుంటాయి నాన్నా. ఒకదాంట్లో నా వేలు, ఇంకోదాంట్లో ఇంకా నీ వేలే ఉంది. అలాగైతే నేనేం కత్తిరించగలను?" రింగు కంచం పక్కకి జరిపింది. "పెద్ద సెలూన్‌ వాళ్ళు రమ్మన్నారు. ఒకటో తారీఖు నుంచి వెళ్తున్నాను."

మాస్టారు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టారు.

"అక్కడ నిన్ను సరిదిద్దేదెవరు?" అన్నారు మాస్టారు చివరికి.

"ఎవరూ సరిదిద్దరు. అందుకే వెళ్తున్నా."

"అయితే వెళ్ళు. ఆ కుర్చీలో ఇంకొకరిని పెట్టుకుంటా. బోర్డు కూడా మార్పిస్తా."

ఆ మాట నోట్లోంచి రాగానే ఆయనకే చేదుగా తోచింది. కానీ మాట జుట్టు లాంటిది కాదు, తెగితే మళ్ళీ మొలవదు. రింగు లేచి చేతులు కడుక్కుంది. పెద్దావిడ కొడుకు వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత మెల్లగా, "పిల్లల తప్పులు దిద్దాను గానీ ఒప్పులు దిద్దలేదురా నేనెప్పుడూ," అంది. మాస్టారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఒకటో తారీఖు వచ్చింది. రింగు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేది, దీపాలు పెట్టాక వచ్చేది. తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు పెద్దావిడ మీదుగా నడిచేవి. "నానమ్మా, బాత్రూంలో గీజర్ ఆపమని చెప్పు." "అమ్మా, ఆపానని చెప్పు." "ఒకే ఇంట్లో ఉండి నన్ను టెలిఫోన్ స్తంభం చేశారు మీరిద్దరూ," అనేది ఆవిడ. "కాకులొచ్చి వాలడం ఒక్కటే తక్కువ."

షాపులో కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఇంకొకరిని పెట్టుకుంటానన్న మాస్టారు పెట్టుకోలేదు. బోర్డూ మార్పించలేదు. ఎవరైనా అడిగితే, "పెయింటరు దొరకడం లేదు," అనేవారు. పెయింటరు ఎదురింట్లోనే ఉంటాడు.

ఆ తర్వాత వచ్చిన సోమవారం ఆయన ఎప్పటిలా పీట వేసుకున్నారు, గుడ్డ కట్టారు, కత్తెర ఆడించారు. ఆ రోజు కోపమంతా మొక్క మీద చూపించారు. ఎంత గుండ్రంగా కత్తిరించారంటే, దొర్లిస్తే దొర్లిపోయేలా ఉంది. అయ్యాక, "రింగూ, గుడ్డ," అని పిలిచారు. పిలిచాక గుర్తొచ్చింది. లేచి తనే ముడి విప్పారు. గుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని గోతి దగ్గరికి వెళ్ళి, దులపబోయి ఆగారు.

ఆయన జీవితమంతా తల మీద చూసిన మనిషి. నేల మీద చూసింది తక్కువ. ఊడ్చేది ఎప్పుడూ ఇంకొకరే. ఇప్పుడు తెల్ల గుడ్డ మీద, ఆకుల మధ్య, ప్రతి కొమ్మ కొసనా చిన్న చిన్న మొనలు కనిపించాయి. ఆకు కాదు. ఆకుకి అంత బిగువుండదు. ఒకదాన్ని గోటితో తీసి చూశారు. పొరలు పొరలుగా, స్క్రూ మర చుట్టినట్టు మెలితిరిగి ఉంది. విప్పారు. లోపల లేత తెలుపు.

ఇంకోటి విప్పారు. ఇంకోటి. గుడ్డ నిండా ఉన్నాయి.

ఆయన అక్కడే గట్టు మీద కూలబడ్డారు. ఈ వారానివే ఇన్నయితే, ప్రతి వారం? మొక్క పూయడం లేదని ఇంటిల్లిపాదీ మట్టి మార్చారు, నీళ్ళు మార్చారు, చోటు మార్చారు. మొక్క పాపం వారవారం మొగ్గ తొడుగుతూనే ఉంది. గార్డీనియా కొమ్మల కొసనే మొగ్గ వేస్తుంది. ఆయన కంటికి ఆ కొస ఎప్పుడూ 'కాస్త ఎక్కువైన ముక్క'. కోతకి, పూతకి మధ్య ఆయన చెయ్యి ఒక్కటే ఉంది.

డ్యూటీకి బయల్దేరుతున్న భార్య గుమ్మంలోంచి చూసి దగ్గరికి వచ్చింది. "ఏమైందండీ? చెయ్యి తెగిందా?"

మాస్టారు గుడ్డ చూపించారు. ఆవిడ వంగి, కళ్ళజోడు సర్దుకుని, ఒక మొగ్గని అరచేతిలో పెట్టుకుని పరీక్షగా చూసింది.

"ఇన్ని టెస్టులు చేశాను," అంది నెమ్మదిగా. "మీ చెయ్యి ఒక్కటే టెస్ట్ చెయ్యలేదు."

"నేను బాగుచేస్తున్నాననుకున్నానే."

"అవును. ఎవరికీ ఆ అనుమానం లేదు." ఆవిడ ఆ మొగ్గని ఆయన చేతిలో పెట్టి మడిచింది. "మొక్క సంగతి నేను చూస్తా. ఇంకోదాని సంగతి మీరు చూసుకోండి." బస్సు టైమైందని గబగబా వెళ్ళిపోయింది.

కత్తెర పెట్టెలోకి వెళ్ళింది. చెప్పినంత తేలిక కాదు. తాగుడు మానేసినవాడు సాయంత్రం ఎలా ఉంటాడో, సోమవారం పొద్దున మాస్టారు అలా ఉండేవారు. ఎడమవైపు ఒక కొమ్మ గోడ దాటి వీధిలోకి చూసేది. ఇంకోటి పక్కింటి సైకిలుకి చెయ్యి అందించేది. నడినెత్తిన నాలుగు కొమ్మలు కొట్లాటకి వచ్చినట్టు లేచి నిలబడేవి. ఆయన వేళ్ళు వాటంతటవే గాల్లో కత్తెర ఆడించేవి. పెద్దావిడ కిటికీలో కాపలా. "గార్డీనియాకి గార్డు నేను. చేతులు వెనక్కి," అనేది. ఆయన నిజంగానే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. వీధిలో వెళ్ళేవాళ్ళు, "ఏం మాస్టారూ, మీ మొక్కకి క్షవరం లేదా ఈ మధ్య?" అంటే, "ఫ్యాషన్ మారిందండీ," అనేవారు.

రింగు ఇదంతా చూస్తోంది.  ఒక రోజు బస్సుకి వెళ్తూ మొక్క దగ్గర ఆగి, గోడ దాటిన కొమ్మని వేలితో లేపి చూసింది. నాన్న కిటికీ వెనక ఉన్నారని ఆ పిల్లకి తెలుసు. తెలిసే ఒక్క క్షణం ఎక్కువ ఆగింది.

వాతావరణం మారింది. ఒక పొద్దున మాస్టారి భార్య తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడిపోయి, "ఏవండీ," అంది. రెండోసారి పిలవలేదు. వాసనే లోపలికి వచ్చి అందరినీ పిలిచింది. నలుగురూ బయటికి వచ్చారు. మొక్క ఎంత అడ్డదిడ్డంగా ఉందో అంత విరగబూసింది. గోడ అవతల రెండు, సైకిలు మీద ఒకటి, నడినెత్తిన గుంపుగా. తెల్లగా, మందంగా, వెన్న ముద్దల్లా.

"ఎడమ పక్క ఎక్కువ పూసిందిరా," అంది పెద్దావిడ. "సమానం చేస్తావా?"

మాస్టారు నవ్వబోయారు. నవ్వు రాలేదు. కూతురి వైపు తిరిగారు. మధ్యలో టెలిఫోన్ స్తంభం లేకుండా ఎన్నాళ్ళకో నేరుగా మాట్లాడారు.

"అన్నీ నేనే కోసేశానమ్మా. మొగ్గలని తెలియలేదు. పొడుగ్గా ఉన్నవన్నీ తప్పులే అనుకున్నాను."

రింగు పువ్వు వైపే చూస్తోంది. "తెలిశాక ఆపావుగా," అంది.  "చాలామంది తెలిశాక కూడా ఆపరు."

 బస్సు హారన్ వినిపించింది, రింగు పరిగెత్తింది. మాస్టారు ఆ పిల్ల మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వెళ్ళి ఉతికిన చొక్కా వేసుకున్నారు.

పెద్ద సెలూన్ గాజు తలుపు నెట్టి లోపలికి వెళ్ళేసరికి ఆయన్ని ఎవరూ మాస్టారు అనలేదు. "కూర్చోండి అంకుల్," అంది కౌంటరు దగ్గరి అమ్మాయి. వరసలో కూర్చున్నారు. పక్కన ఒకాయన పేపరు చదువుతున్నాడు. అటు రింగు పని చేస్తోంది. తల వంచి, పెదవి కొరుకుతూ, ఎవరివంకా చూడకుండా. ఒకచోట చిన్న పొరపాటు చేసింది. మాస్టారికి అంత దూరం నుంచే కనిపించింది. రింగు ఆగింది, దువ్వింది, తనే చూసుకుంది, తనే సరిచేసుకుంది. మాస్టారు బిగపట్టిన ఊపిరి వదిలారు.

వంతు వచ్చింది. రింగు తల ఎత్తి చూసి కొయ్యబారిపోయింది.

"నాన్నా, ఏమైంది? అమ్మ బాగుందా?"

"బాగుంది. జుట్టు పెరిగింది." ఆయన కుర్చీలో కూర్చున్నారు. "ఇక్కడ బాగా చేస్తారని చెప్పారు."

అన్నేళ్ళ జీవితంలో మాస్టారు తన తలని ఎవరి చేతుల్లోనూ పెట్టలేదు. ఎవరినీ నమ్మక తన జుట్టు తనే, చేత్తో తడుముకుంటూ కత్తిరించుకునేవారు. రింగుకి ఆ సంగతి తెలుసు. గుడ్డ కడుతున్న చేతులు ఒక్క క్షణం ఆయన భుజాల మీద ఆగాయి. ఆయన కళ్ళు మూసుకున్నారు. కత్తెర చప్పుడు మొదలైంది. తన కత్తెర కంటే నిదానంగా ఉంది. మధ్య మధ్య ఆగుతోంది, ఆలోచించుకుంటోంది. చాలాసేపటికి, "చూసుకో," అంది.

కళ్ళు తెరిచారు. ముందు బాగుంది. రింగు చిన్న అద్దం వెనక పట్టింది. మెడ దగ్గర, ఎడమ చెవి వెనక, జుట్టు వేలెడు పొడుగు ఉండిపోయింది. మాస్టారి కుడి చెయ్యి గుడ్డ కింద కదిలింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకున్నారు.

"బాగుంది," అన్నారు.

"ఎడమ పక్క కొంచెం వదిలాను నాన్నా."

"చూశాను."

"కావాలనే. అక్కడ నీకు సుడి ఉంది. నువ్వు ప్రతిసారీ దాన్ని పొట్టిగా కోసేస్తావు, అది ప్రతిసారీ పిలకలా లేచి నిలబడుతుంది. కాస్త పొడుగు వదిలితే తన బరువుకి తనే పడుకుంటుంది."

ఊరందరి తలల వెనకా చూసిన మనిషి, తన తల వెనక ఏముందో ఇప్పుడు తెలుసుకున్నారు. "పిలకా?" అన్నారు అపనమ్మకంగా. "ఇన్నేళ్ళూ ఉందా?"

"నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. అందరూ చూస్తున్నారు. మాస్టారికి చెప్పేదెవరు?"

పేపరు చదివే ఆయన పేపరు వెనక నవ్వాడు. మాస్టారు కూడా నవ్వారు, ఆ నవ్వులోనే కళ్ళు తడిశాయి. తుడుచుకుందామంటే చేతులు గుడ్డ కింద ఉన్నాయి. రింగు మెడ దులిపే మెత్తటి బ్రష్ తీసి, వెంట్రుకలు దులుపుతున్నట్టే, ఆయన చెంపలు తుడిచింది.

"కిటికీ పక్క కుర్చీ ఖాళీగానే ఉందమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. "రమ్మనడం లేదు. ఉందని చెబుతున్నాను."

"ఉండనీ. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది. నేర్చుకుని వస్తా." రింగు గుడ్డ ముడి విప్పింది. "నీకు నేర్పడానికి."

ఆయన లేచారు. ఎడమ చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమారు. జుట్టు పడుకునే ఉంది. గుమ్మం దాకా వెళ్ళి, ఇన్నేళ్ళుగా వేలమంది కస్టమర్లు తనని అడిగిన ప్రశ్న, వెనక్కి తిరిగి తను అడిగారు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?"

"పెరగనీ నాన్నా," అంది రింగు, తర్వాతి కస్టమరుకి కుర్చీ చూపిస్తూ. "పెరిగాక నేనే చెప్తా."